పాత సైనిక రైఫిళ్లు: గుర్తించు విధము, కొనువారు తెలిసికొనవలసిన సంగతులు

(రైతుల సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



ఎద్దును కొనబోవు రైతు మొదట పండ్లు చూచును, పిదప గిట్టలు చూచును, సుడులు పరిశీలించును, కాడికి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూచును. ఇంత చేసియు తృప్తినొందక ఆ ఎద్దు ఎవరి యింట పెరిగినదో విచారించును. అట్టి జాగరూకుడైన రైతే తుపాకిని కొనునప్పుడు మాత్రము వెల యొక్కటే విచారించి, కొయ్య నున్నగా నుండుటయు ఇనుము నల్లగా మెఱయుటయు చూచి సంతసించుట కలదు. ఎద్దు చెడ్డదైనచో ఒక కారు సేద్యము చెడును. తుపాకి చెడ్డదైనచో కన్ను పోవును, చేయి పోవును, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. అది చట్టమునకు విరుద్ధమైనదైనచో కొన్నవాడు చెఱసాల పాలగును. కావున చౌకగా దొరకు పాత సైనిక రైఫిలును గుర్తించు విధమును, దాని గుణదోషములను, దానికి సంబంధించిన చట్టమును రైతులు తెలిసికొనుట యవసరము.

పాత సైనిక రైఫిళ్లు అనేక జాతులవి గలవు. భారతదేశమున మిక్కిలి పరిచితమైనది లీ-ఎన్‌ఫీల్డు. దానినే జనులు 'త్రీనాట్‌త్రీ' అందురు. ఈ యుపన్యాసము ముఖ్యముగా దానిని గుఱించినది.

1. పుట్టుపూర్వోత్తరములు

జేమ్స్ పారిస్ లీ కల్పించిన మఱకు ఎన్‌ఫీల్డు కర్మాగారమువారి గొట్టమును చేర్చి 1895వ సంవత్సరమున బ్రిటిష్ సైన్యమువారు ఈ రైఫిలును స్వీకరించిరి. అంతకు ముందు 1888 నుండి వాడుకలో నున్న లీ-మెట్‌ఫోర్డు రైఫిలు గొట్టములోని గాడులు లోతు తక్కువవి. కార్డైటు అను పొగలేని మందు పుట్టించు వేడిమికి అవి త్వరగా అరిగిపోవుచుండెను. అందువలన లోతైన 5 గాడులుగల గొట్టము నిర్ణయింపబడెను. గుండు ఈ గాడులవెంట మెలితిరుగుచు పోవుటచేతనే గురి తప్పక నిలుచును. గాడులు అరిగిన రైఫిలు పేరునకు మాత్రమే రైఫిలు.

1907లో పొట్టిగొట్టపు మార్కు 3 అను మాదిరి వచ్చెను. దాని గొట్టము సుమారు 25 అంగుళములు, మొత్తము పొడవు 44 1/2 అంగుళములు, మేగజీను పెట్టెలో పట్టు తూటాలు 10. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున పని త్వరగా సాగుటకై 1916లో కొన్ని భాగములను తీసివేసి, ఆ మాదిరికి పేరు ప్రక్క నొక నక్షత్రపు గుర్తు చేర్చిరి. బంగాళమున ఇషాపూరు కర్మాగారమునందును, ఆస్ట్రేలియాలో లిత్‌గో నందును ఇవే రైఫిళ్లు తయారైనవి. రెండవ ప్రపంచ యుద్ధమున బ్రిటను, కెనడా, అమెరికాలలో 'నంబరు 4' అను మఱియొక మాదిరిని చేసిరి. 1962లో చైనాతో యుద్ధము జరిగిన పిదప ఇషాపూరువారు ఈ పాత మాదిరినే 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగినట్లు గట్టి యుక్కుతో చేసి '2ఏ' అని పేరిడిరి.

సైన్యమునకు క్రొత్త ఆయుధము వచ్చినప్పుడు పాతది గిడ్డంగులలో మిగిలిపోవును. 1950 తరువాత అనేక దేశములవారు అట్టి మిగులు సరకును టోకున వర్తకుల కమ్మిరి. ఆ సరకులో అధికభాగము అమెరికాకు చేరి మిక్కిలి స్వల్పమైన వెలకు అమ్ముడుపోయెను. తుపాకులను టపా ద్వారా తెప్పించుకొనుట సైతము ఆ దేశమున వాడుకగా నుండెను. 1963లో అధ్యక్షుడు కెనెడీని చంపిన రైఫిలు ఇటలీ సైన్యపు మిగులు సరకులోనిదే. దూరదర్శినితోగూడ దాని ప్రకటిత వెల 19 డాలర్ల 95 సెంట్లు. 1968లో అచ్చట చట్టము చేసి టపా వర్తకమును అరికట్టిరి. సైనిక తుపాకుల దిగుమతిని నిలిపిరి. 1980 తరువాత పాతవస్తువులుగా పరిగణింపబడిన వాని దిగుమతికి మరల అనుమతి కలిగెను. భారతదేశమున పోలీసువారు ఈ రైఫిలును చాలకాలము వాడిరి. ఉత్తరప్రదేశ్ పోలీసు శాఖవారు 2020 జనవరిలో దీనికి వీడ్కోలు చెప్పిరి.

2. ఒకే పోలికగల మూడు తుపాకులు

రైతులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన సంగతి యిది. పైకి చూచుటకు ఒకే తీరుననుండు తుపాకులు మూడు కలవు. వాని మఱ యొకటే, కొయ్య యొకటే. తేడా యంతయు గొట్టపు రంధ్రమునందును, తూటా యిముడు గదియందును కలదు.

మొదటిది .303 రైఫిలు. ఇది సైనికుల తూటాను కాల్చును.

రెండవది .410 మస్కెట్టు. కావలివారి కొఱకు ఇషాపూరులో పాత .303 రైఫిలు గొట్టమును తొలిచి, గాడులు లేకుండ నున్నగా చేసి, మేగజీను చోట చెక్కముక్క నమర్చి, ఒక్కొక్క తూటాను మాత్రమే పెట్టి కాల్చునట్లు మార్చిరి.

మూడవది .315 రైఫిలు. సైనికుల తూటాలు ప్రజల తుపాకులకు పనికిరాకుండ చేయవలెనని బ్రిటిష్ ప్రభుత్వము వారు తలచిన కాలమున, 8 మిల్లీమీటర్ల వేఱొక తూటాకు తగినట్లు ఇదే మఱతో ఈ రైఫిలును చేసిరి. పిదప ఇషాపూరునందును దీనిని చేయుచు వచ్చిరి. దీని మేగజీనులో 5 తూటాలు పట్టును.

ప్రస్తుతము అమలునందున్న 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టమును, దాని నిబంధనలను బట్టి .303 తూటాను గాని 7.62 మిల్లీమీటర్ల సైనిక తూటాను గాని కాల్చగల బోల్టు రైఫిళ్లును, .410 మస్కెట్లును నిషిద్ధ వర్గమునకు చెందినవి. సామాన్యముగా జిల్లా మేజిస్ట్రేటు నిచ్చు లైసెన్సు వానికి చాలదు. .315 రైఫిలు మాత్రమే సామాన్య లైసెన్సుపై నుంచుకొనదగినది. ఇట్లు ఒకే కొయ్యలో నొదిగిన మూడు గొట్టములలో ఒకటి ధర్మసమ్మతము. తక్కిన రెండును నేరము. 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము నిషిద్ధాయుధమును లైసెన్సు లేక కలిగియుండుటకు 7 సంవత్సరములకు తక్కువగాక 14 సంవత్సరముల వఱకు కారాగారము విధింపవచ్చును. సామాన్య తుపాకిని లైసెన్సు లేక యుంచుకొనుటకు సైతము 2 మొదలు 5 సంవత్సరముల శిక్ష కలదు. 'ఎవరును అడుగరు, తక్కువకే వచ్చుచున్నది' అని చెప్పి చీకటిలో తుపాకి నమ్మజూపువాడు రైతు మేలు కోరువాడు కాడు.

3. గుర్తులు చదువు విధము

తుపాకిని చేతబట్టినవాడు మొట్టమొదట మేగజీనును విడదీసి, బోల్టును వెనుకకు లాగి, గది ఖాళీగా నున్నదో లేదో కంటితో చూచి, వ్రేలితో తడవి నిశ్చయించుకొనవలెను. అమ్మువాడు 'ఖాళీదే' అని ప్రమాణము చేసినను ఈ పని మానరాదు. గొట్టము నెన్నడును మనుష్యునివైపు త్రిప్పరాదు.

పిదప బోల్టు పిడికి క్రిందుగా, కుడిప్రక్కన, చేతిపట్టునకు పైనున్న ఇనుపకట్టును చూడవలెను. మార్కు 3 రైఫిలునకు అదియే జాతకపత్రము. దానిపై కిరీటము, రాజు నామాక్షరములు, కర్మాగారము పేరు, సంవత్సరము, మాదిరి పేరు వరుసగా చెక్కబడియుండును. కిరీటము క్రింద వి.ఆర్. అను ఇంగ్లీషు అక్షరములున్నచో విక్టోరియా రాణి కాలము, ఇ.ఆర్. అనునవి యున్నచో ఎడ్వర్డు రాజు కాలము, జి.ఆర్. అనునవి యున్నచో జార్జి రాజుల కాలము. స్వాతంత్ర్యానంతరము ఇషాపూరులో తయారైన వానిపై కిరీటమునకు బదులు అశోక సింహముల ముద్ర యుండును.

నంబరు 4 రైఫిలును గుర్తించుట సులభము. మార్కు 3 రైఫిలు గొట్టపు మొన ఇనుపతొడుగులో నిమిడి మొద్దుగా నుండును. నంబరు 4 గొట్టపు మొన కొంత ముందునకు పొడుచుకొని వచ్చును. మార్కు 3 నకు గురిచూచు ఆకు గొట్టముమీద నుండును. నంబరు 4 నకు కంటికి సమీపమున, మఱ వెనుకభాగమున, చిన్న రంధ్రముతో నుండును. అమెరికాలో సావేజ్ కర్మాగారమువారు చేసిన నంబరు 4 పై ఆ దేశ ప్రభుత్వపు సొత్తు అని చెక్కబడియున్నను, అవి అమెరికా సైన్యపు రైఫిళ్లు కావు. యుద్ధకాలమున బ్రిటనునకు పంపుటకై చేయబడినవే.

తరువాత వరుస సంఖ్యలు చూడవలెను. పొలమునకు సర్వే నంబరు ఎట్టిదో తుపాకికి ఈ సంఖ్య యట్టిది. మఱమీదను, బోల్టు పిడి వెనుకను, గొట్టముమీదను ఒకే సంఖ్య యుండుట మేలు. మొనతొడుగుమీదను గురి ఆకుమీదను సైతము అదే సంఖ్య యున్నచో ఆ తుపాకి విడివిడి ముక్కలతో కూర్చబడినది కాదని నమ్మవచ్చును. బోల్టు సంఖ్య మాత్రము వేఱుగా నున్నచో, యోగ్యుడైన తుపాకి పనివాడు కొలతలు తీసి చూచువఱకు దానిని కాల్చరాదు. సంఖ్యను ఆకురాయితో చెఱిపిన యాయుధమును తాకుటయే ప్రమాదము; అట్టిదానిని కలిగియుండుటయు నేరమే.

4. కల్తీ తుపాకులు

నకిలీ దస్తావేజును పట్టుకొను ఉపాయము కరణములకు తెలిసినదే: దస్తావేజు తేదీకిని, దానిపై ముద్రవేసిన అధికారి ఉద్యోగకాలమునకును పొత్తు కుదురదు. తుపాకులకును ఇదే పరీక్ష చెల్లును. పెషావరు సమీపమున దర్రా ఆదంఖేల్ అను చోట తుపాకి పనివారు తరతరములుగా బ్రిటిష్ రైఫిళ్లను చూచి చేతితో నకళ్లు చేయుచున్నారు. పని చక్కనిదే యైనను, ఇంగ్లీషు చదువనేరక గుర్తులను చూచి చెక్కుటచేత అక్షరములు తలక్రిందులుగా గాని ఎడమకు కుడిగా గాని పడుట కలదు. విక్టోరియా రాణి 1901లో మరణించెను; ఆమె నామాక్షరములక్రింద అటుపిమ్మటి సంవత్సరము చెక్కబడిన తుపాకులు అచ్చటివి కానవచ్చును. అట్టివాని ఇనుమునకు తగిన పదును లేదు. సైనిక తూటా యొత్తిడికి అవి పగులవచ్చును. గోడకు తగిలించుటకు తప్ప అవి దేనికిని పనికిరావు.

ఇంకొక కల్తీ కలదు. 1944 మొదలు 1947 వఱకు అడవి యుద్ధమునకై నంబరు 5 అను పొట్టి రైఫిలు తయారయ్యెను. సేకరించువారు దీనికి అధిక వెల నిత్తురు గనుక నంబరు 4 గొట్టమును కోసి, మొనకు గరాటువంటి తొడుగు బిగించి, నంబరు 5 అని అమ్ముట కలదు. అసలైన దానికి బరువు తగ్గించుటకై మఱ ప్రక్కలను, గొట్టపు మొదలునందును ఇనుము చెక్కివేయబడియుండును. నకలునకు ఆ చెక్కుళ్లుండవు.

5. కాల్చగూడని తుపాకుల గుర్తులు

డి.పి. అను అక్షరములున్నచో అది కవాతు నేర్పుటకు మాత్రమే యుంచిన తుపాకి. గొట్టమునకో మఱకో రంధ్రము తొలిచియుండవచ్చును. లేదా అరిగిపోయినందుననే ఆ గుర్తు వేసియుందురు. ఇ.వై. అను అక్షరములున్నచో, లేక ముందుకొయ్యచుట్టు తీగ బిగించి చుట్టియున్నచో, అది చేతిబాంబులను విసరుటకు వాడినది. ఆ పనిలో మఱ మిక్కిలి శ్రమ కోర్చినది గనుక, అత్యవసరమైనప్పుడు తప్ప సైన్యమువారే దానితో గుండు కాల్చెడివారు కారు.

6. గుణదోష పరీక్ష

గుర్తులు సరిపోయిన తరువాత దేహపరీక్ష చేయవలెను.

గొట్టము: బోల్టును తీసి, గొట్టమును వెలుతురువైపు పట్టి వెనుకనుండి చూడవలెను. గాడుల యంచులు స్పష్టముగా కనబడవలెను. నల్లని చుక్కలవంటి త్రుప్పుగుంటలు కొద్దిగా నున్నను గురి నిలువవచ్చును. గాడులే కనబడనిచో కొనరాదు. లోపల ఉంగరమువంటి నీడ కనబడినచో గొట్టము ఎప్పుడో అడ్డుపడిన వస్తువుపై ప్రేలి ఉబ్బినదని తెలిసికొనవలెను. మొనయొద్ద అరుగుదలయు ముఖ్యము. సైనికులు శుభ్రపఱచు త్రాటిని ఏండ్ల తరబడి ఒకే ప్రక్కకు లాగుటచే మొన అరిగి గుండ్రన చెడును.

తూటా వెనుకటి వదులు: ఇది మిక్కిలి ముఖ్యమైనది, కంటికి కనబడనిది. .303 తూటాకు వెనుక అంచు కలదు. ఆ యంచు నిలుచు చోటికిని బోల్టు ముఖమునకును నడుమ ఎడము అంగుళములో వేయింట 64 భాగములకు తక్కువ గాకయు, 74 భాగములకు మించకయు నుండవలెను. మించినచో తూటా వెనుకభాగము తెగి, వేడి ఆవిరి కాల్చువాని ముఖమువైపు వచ్చును. దీనిని కొలుచుటకు ప్రత్యేకమైన గేజులు కలవు, అంచనాతో తేల్చరాదు. నంబరు 4 రైఫిలునకు 0 మొదలు 3 వఱకు సంఖ్యలుగల బోల్టుతలలు కలవు. వానిని మార్చి ఈ వదులును సరిచేయుదురు. మార్కు 3 నకు అట్టి సంఖ్యలు లేవు; పనివాడు తగిన తలను ఏఱి యమర్చవలెను.

కొయ్య: మఱకు ఆనుకొనియుండు ముందుకొయ్య వెనుకభాగమున పగులులున్నవేమో చూడవలెను. ఇషాపూరు తుపాకులకు గురి ఆకు క్రింద కొయ్యకు అడ్డముగా ఒక మర కొట్టియుండును. అది దోషము కాదు. కొయ్యను బలపఱచుటకై చేసిన పని. ఆ తుపాకులకు త్రుప్పు పట్టకుండ వేసిన నల్లరంగు తఱచుగా నుండును. రంగు క్రింద గుంటలు దాగియుండవచ్చును గనుక వ్రేలితో నిమిరి చూడవలెను.

విదేశములలో స్థిరపడి, అచ్చటి చట్టమునకు లోబడి ఇట్టి పాత రైఫిళ్లను కొను తెలుగువారికిని ఈ పరీక్షలన్నియు వర్తించును. భారతదేశమున పాత .315 రైఫిలును కొనువారు కొయ్యను, గొట్టమును ఇట్లే చూడవలెను. దాని తూటా వేఱు గనుక పైన చెప్పిన కొలత దానికి చెల్లదు, దానికి తగిన గేజుతోనే చూపించుకొనవలెను. గొట్టముపై చెక్కియున్న తూటాను తప్ప వేఱొకదానిని, ఇమిడినను, కాల్చరాదు.

7. కొనుగోలు, వాడుక

లైసెన్సు చేతికి రాకమున్ను బయానా ఈయరాదు. లైసెన్సుగల అంగడిదారునియొద్ద కొనుట ఉత్తమము. మఱియొక లైసెన్సుదారునియొద్ద కొనదలచినచో, అమ్మువాడు తన యుద్దేశమును, కొనువాని వివరములను వ్రాతమూలముగా జిల్లా మేజిస్ట్రేటునకు గాని సమీప పోలీసు ఠాణా అధికారికి గాని తెలిపి, 45 దినముల గడువు ముగిసిన పిమ్మటనే అప్పగింపవలెను. 2019 సవరణ ననుసరించి సామాన్యుడొకడు రెండు తుపాకులకు మించి యుంచుకొనరాదు.

తుపాకికి లైసెన్సు వచ్చినంతమాత్రమున మృగములను చంపుటకు అనుమతి వచ్చినట్లు కాదు. వేరుసెనగ చేనును అడవిపందులు త్రవ్వివేయుచున్నను, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అధికారము గలవారి యనుమతి లేనిదే కాల్చరాదు. ఆ యనుమతిని వ్రాతరూపమున పొంది దాచుకొనవలెను.

పాత సైనిక తూటాల వెనుకనుండు మందులో ఉప్పువంటి లవణము పుట్టును. అది గాలిలోని తేమను పీల్చి ఒక్క రాత్రిలో గొట్టమును త్రుప్పు పట్టించును. నూనె దానిని కరిగింపజాలదు. అట్టి తూటాలను కాల్చిన దినముననే మసలు నీటిని గొట్టములో పోసి, పొడిగుడ్డతో తుడిచి, పిదపనే నూనె వ్రాయవలెను.

8. పెద్దలనాటి తుపాకి

కొనుటకంటె తఱచుగా తటస్థించు సంగతి వేఱొకటి కలదు. తాతగారు గతించిన తరువాత అటకమీద గోనెగుడ్డలో చుట్టిన తుపాకి యొకటి బయటపడును. లైసెన్సు పుస్తకము చెదలు తినివేసియుండును; లేదా ఆయన పేరనే నిలిచియుండును. 'ఇది తండ్రిగారి సొత్తు, ఎవరికి చెప్పనేల?' అని మరల గోనెలో చుట్టుట పొరపాటు. చట్టము దృష్టిలో లైసెన్సు పితృదేవతలతోడనే పోయినది. తుపాకి మాత్రము మిగిలినది. దానిని పొలములో పూడ్చుటయు, చెఱువులో వేయుటయు, దాయాదుల కిచ్చుటయు కూడదు. ఆలస్యము చేయక సమీప పోలీసు ఠాణాలో గాని లైసెన్సుగల అంగడిదారునియొద్ద గాని దాఖలుచేసి రశీదు పొందవలెను. పిదప వారసులలో నొకడు తన పేర లైసెన్సు కొఱకు అర్జీ పెట్టుకొనవచ్చును. తుపాకి .315 దైనచో ఆశ యుంచుకొనవచ్చును; .303 దైనచో ఆశ విడుచుకొనుట మేలు. కుటుంబ గౌరవము రశీదుతో నిలుచును గాని గోనెగుడ్డతో నిలువదు.

9. సంగ్రహము

(1) వెల నడుగుటకు ముందు గొట్టము కొలత నడుగవలెను.
(2) రాజు పేరును సంవత్సరమును పోల్చి చూడవలెను.
(3) మఱమీది సంఖ్యను బోల్టు సంఖ్యతో సరిచూడవలెను.
(4) డి.పి., ఇ.వై. గుర్తులున్న దానిని కాల్చరాదు.
(5) తూటా వెనుకటి వదులును గేజుతో కొలిపింపవలెను.
(6) లైసెన్సు లేక, రశీదు లేక తుపాకిని ఇంట నుంచరాదు.

చౌకగా వచ్చినదెల్ల లాభము కాదని సంతలో తిరిగిన రైతునకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ఎద్దు పండ్లు చూచు కన్నుతోనే తుపాకి గుర్తులను చూచువాడు మోసపోడు. చూచి అనుమానము తీరనిచో, ఖాళీ చేతులతో ఇంటికి మఱలివచ్చుటయే ఆనాటి లాభమని యెంచవలెను.